లేజర్‌తో పళ్ళు తెల్లబరచుకోవడం: జివ్వుమనకుండా ముందూ వెనకా ఏం చేయాలి

లేజర్ వైట్‌నింగ్ అంటారు గానీ, పళ్ళను తెల్లబరిచేది లేజర్ కాదు, పళ్ళ మీద పూసే జెల్. అందులో సాధారణంగా 25 నుంచి 40 శాతం దాకా హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. అది ఎనామెల్ (పంటి గట్టి పైపొర) గుండా దాని కింద ఉండే డెంటిన్ అనే పొరలోకి ఇంకి, అక్కడ పేరుకున్న రంగు పదార్థాలను రంగులేని చిన్న ముక్కలుగా విడగొడుతుంది. లేజర్ చేసే పని ముఖ్యంగా జెల్‌ను వేడెక్కించి ఈ చర్యను తొందరపెట్టడమే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే పెరాక్సైడ్ విడిపోయే వేగం సుమారు రెట్టింపవుతుంది. పళ్ళు జివ్వుమని లాగడానికి కారణాలు కూడా ఇక్కడే ఉన్నాయి: జెల్ ఘాటు, అది పంటి మీద ఉన్న సమయం, వేడి. ఈ మూడూ కుర్చీలో కూర్చున్నప్పుడే తేలిపోతాయి. ఇంటికెళ్ళాక రాసుకునే పేస్టుకు మిగిలే పని తక్కువ. అందుకే డాక్టర్ ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో చేయించుకునేవాళ్ళకు ముందే తెలిసి ఉండాలి.

ఈ జివ్వు మామూలు జివ్వు కాదు

చల్లటి నీళ్ళు తగిలినప్పుడు పళ్ళు జివ్వుమనడానికి కారణం డెంటిన్‌లోని సన్నటి గొట్టాల్లో ద్రవం కదలడం. చిగురు కిందికి జారి వేరు బయటపడినవాళ్ళకు ఇది బాగా అనుభవమే. వైట్‌నింగ్ తర్వాత వచ్చే నొప్పిలో ఇది కొంత భాగం మాత్రమే. పెరాక్సైడ్ అణువు చాలా చిన్నది. ఏ పుచ్చూ పగులూ లేని పంట్లో కూడా పూసిన 5 నుంచి 15 నిమిషాల్లో లోపలి పల్ప్ (నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం) దాకా చేరి, అక్కడి నరాన్ని నేరుగా రెచ్చగొడుతుంది. అందుకే ఏమీ తినకుండా, నోరు మూసుకుని కూర్చున్నా ఉన్నట్టుండి ఒక పంట్లో కరెంటు కొట్టినట్టు పోటు వచ్చి, రెండు మూడు సెకన్లలో పోతుంది.

మందు ఎంచుకోవడంలో ఈ తేడా పనికొస్తుంది. గొట్టాల నోళ్ళు మూసే పేస్టులు చల్లదనానికి వచ్చే జివ్వును తగ్గిస్తాయి కానీ ఈ పోట్లను అంతగా ఆపలేవు. వీటికి నరం స్పందననే తగ్గించే పొటాషియం నైట్రేట్ కావాలి. ఫ్లోరైడ్‌తో కలిపి వాడితే రెండు రకాల నొప్పికీ పనికొస్తుంది.

అందరికన్నా ముందు మొరపెట్టేవి కింది వరుసలోని ముందు పళ్ళు. అవి సన్నగా ఉంటాయి, ఎనామెల్ పలచన, పల్ప్ పైకి దగ్గర. పై వరుసలో కోర పళ్ళ పక్కనుండే చిన్న పళ్ళదీ ఇదే తంతు. కోర పళ్ళు మాత్రం మందంగా, మిగతావాటికన్నా పచ్చగా ఉంటాయి కాబట్టి వాటికి ఎక్కువసేపు పట్టినా అంతగా బాధపెట్టవు. పళ్ళన్నిటికీ ఒకే మందాన జెల్, ఒకే సమయం అనే పద్ధతి సులువే గానీ, దాని ఫలితం కింది ముందు పళ్ళు అనుభవిస్తాయి.

వాడుతున్నది లేజరేనా?

నోటి ముందు పెద్ద దీపం పెట్టి నీలి వెలుగు పళ్ళన్నిటి మీదా ఒకేసారి పడేలా చేస్తే అది చాలావరకు ఎల్ఈడీ దీపమే. బోర్డు మీద ఏం రాసి ఉన్నా సరే. లేజర్ అయితే చేతిలో పట్టుకునే హ్యాండ్‌పీస్ ఉంటుంది, ఒకసారికి కొన్ని పళ్ళ మీదే వెలుగు పడుతుంది, గదిలో ఉన్న అందరూ ఆ లేజర్ తరంగదైర్ఘ్యానికి సరిపోయే కళ్ళద్దాలు పెట్టుకోవాలి. డయోడ్ లేజర్లలో ఎక్కువగా వాడేవి 810, 940, 980 నానోమీటర్లవి. వాటి కాంతి కంటికి కనబడదు, అసలు ప్రమాదమూ అదే. ఆకుపచ్చ వెలుగు కనిపిస్తే అది 532 నానోమీటర్ల కేటీపీ లేజర్. కళ్ళద్దాల మీదే ఏ తరంగదైర్ఘ్యాన్ని ఆపుతాయో ముద్రించి ఉంటుంది. ఆ లేజర్ తరంగదైర్ఘ్యం ముద్రించి లేని అద్దాలు దానికి పనికిరావు. మామూలు నల్ల కళ్ళద్దాలు ఏ లేజర్‌కూ పనికిరావు.

జెల్ రంగు కూడా అలంకారం కోసం కాదు. లేజర్ కాంతిని పీల్చుకుని ఆ వేడిని తనలోనే ఉంచుకోవడానికి జెల్‌లో ఒక వర్ణకం కలుపుతారు. ఆకుపచ్చ లేజర్‌కు ఎర్రటి జెల్ వాడేది ఇందుకే. ఒక లేజర్ కోసం తయారైన జెల్‌ను ఇంకోదాని కింద పెడితే కాంతి జెల్‌లో ఆగకుండా పంట్లోకి పోతుంది. అప్పుడు వేడెక్కేది జెల్ కాదు, పల్ప్. మీ లేజర్‌కూ ఈ జెల్‌కూ తయారీదారు జత కుదిర్చారా అని అడగడం తప్పేమీ కాదు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. ఘాటు జెల్‌ను కాంతితో వాడినా, కాంతి లేకుండా వాడినా, కొన్ని వారాలు గడిచాక రంగులో తేడా పెద్దగా మిగలదని చాలా పరిశోధనలు చూపించాయి. కాంతి వాడినప్పుడు నొప్పి మాత్రం కొన్నిటిలో ఎక్కువగా కనబడింది. మీ పళ్ళు ఇప్పటికే చల్లదనానికి ఓర్చుకోలేకపోతుంటే అదే జెల్‌ను లేజర్ లేకుండా పెట్టమనండి. ఇంకా మంచిది, ఇంట్లో పళ్ళ అచ్చుతో చేసిన ట్రేలో పెట్టుకునే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు మూడున్నర శాతమే. రెండు వారాలు పడుతుంది కానీ నొప్పి తక్కువ. రంగు విషయంలో చివరికి ఏమీ వెనకబడదు.

రెండు మూడు వారాల ముందు

ముందు డాక్టర్ చూడాల్సినవి: పిప్పి పళ్ళు, అంచులు విడిపోయిన పాత ఫిల్లింగులు, ఎనామెల్‌లో పగుళ్ళు, చిగురు జారి బయటపడిన వేళ్ళు, రాత్రిళ్ళు పళ్ళు కొరకడం వల్ల అరిగిపోయిన అంచులు. ఇవన్నీ పెరాక్సైడ్‌కు దగ్గరి దారులు. పగుళ్ళు మామూలు వెలుతురులో దొరకవు. పంటి పక్క నుంచి సన్నటి లైటు వేస్తే పగులు దగ్గర వెలుగు తెగిపోయి కనిపిస్తుంది. ఒక్క పన్ను మాత్రమే నల్లబడి ఉంటే ఎక్స్-రే తప్పనిసరి. అది చచ్చిపోయిన పన్ను కావచ్చు, దాని చికిత్స వేరు.

క్యాపులు, వెనీర్లు (పంటి ముందు వైపు అతికించే పలచటి పెంకులు), పంటి రంగు ఫిల్లింగులు తెల్లబడవు. చుట్టుపక్కల పళ్ళు తెల్లబడ్డాక అవే పచ్చగా ఎత్తి చూపిస్తాయి, మార్చుకునే ఖర్చు కూడా ముందే లెక్కలో ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. 18 ఏళ్ళలోపు వాళ్ళ పళ్ళలో పల్ప్ పెద్దదిగా ఉంటుంది, వాళ్ళకు ఈ ఘాటు జెల్ వద్దు.

గార తీయించుకోవాల్సి ఉంటే వారం పది రోజుల ముందే ముగించుకోండి. గార పోయాక కొన్నాళ్ళు పళ్ళు ఎలాగూ జివ్వుమంటాయి, చిగుళ్ళు పచ్చిగా ఉంటాయి. ఆ రోజే క్లీనింగ్, ఆ రోజే వైట్‌నింగ్ అనే ప్యాకేజీని మేం సిఫారసు చేయం.

రెండు వారాల ముందు నుంచి 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకోండి. తోమాక నురగ ఉమ్మేయండి, నీళ్ళతో పుక్కిలించవద్దు. మందు పంటి మీద కాసేపు నిలవాలి. రెండు రోజులు వాడి ‘ఏం తేడా లేదు’ అని మానేసేవాళ్ళే ఎక్కువ. దాని ప్రభావం తెలియడానికి రోజులు పడుతుంది. బొగ్గు పేస్టులు, ‘వైట్‌నింగ్’ అని రాసి ఉన్న గరుకు పేస్టులు, తెల్లబరిచే పట్టీలు ఈ రెండు వారాలూ పక్కన పెట్టండి. బ్రష్ మెత్తటిది ఉండాలి.

డాక్టర్ ఒక్కో పంటి మీద సెకను సేపు గాలి కొట్టి, నొప్పి ఎంతో 0 నుంచి 10 వరకు మీ చేత చెప్పించి రాసుకుంటే మంచిది. తర్వాత ఒక పన్ను బాధపెడితే అది పాతదో కొత్తదో తేల్చేది ఈ కాగితమే. గాలికే 4 దాటిన పళ్ళు ఉంటే ముందు వాటి సంగతి చూడాలి.

నొప్పి బిళ్ళ ముందే వేసుకుంటే నొప్పి రాదనుకోవద్దు, అలా నివారిస్తుందని పరీక్షల్లో తేలలేదు. మత్తు సూది అసలు వద్దు. జెల్ చిగురులోకి జారినా, పన్ను మితిమీరి వేడెక్కినా మొదట చెప్పేది నొప్పే. దాన్ని మొద్దుబారిస్తే కాలేదాకా ఎవరికీ తెలియదు.

కుర్చీలో, వరుసగా

నోరు తెరిచి ఉంచే పట్టీ పెట్టకముందే రంగు చూడాలి. పళ్ళు ఆరిపోతే వాటంతటవే ఒకటి రెండు ఛాయలు తెల్లగా కనిపిస్తాయి. పంటి రంగు పోల్చి చూసే 16 ఛాయల గైడులో సరిపోయిన పలకను పంటి పక్కనే పెట్టి ఫోటో తీయాలి. తర్వాత పళ్ళను ప్యూమిస్ పొడి, నీళ్ళతో పాలిష్ చేయాలి.

లేజర్‌కు ముందు 5 శాతం పొటాషియం నైట్రేట్, 2 శాతం సోడియం ఫ్లోరైడ్ కలిసిన జెల్‌ను పళ్ళ మీద 10 నిమిషాలు ఉంచి తుడిచేయడం చాలా చోట్ల వదిలేసే మెట్టు. తెలుపు తగ్గుతుందేమోనని కొందరు భయపడతారు గానీ తగ్గదు, నొప్పి తీవ్రత మాత్రం తగ్గుతుంది. అడిగి చేయించుకోండి.

పెదవులకు పెట్రోలియం జెల్లీ రాసి, బుగ్గలను పక్కకు లాగే పట్టీ పెడతారు. లోపల గాజ్ (పలచటి నూలు) గుడ్డ. అప్పుడు చిగుళ్ళకు అడ్డుకట్ట.

చిగుళ్ళు కాలడాన్నీ, వేళ్ళ దగ్గరి జివ్వునూ చాలావరకు ఆపేది ఈ అడ్డుకట్టే. గాలితో చిగురును బాగా ఆరబెట్టి, లైటు వేస్తే గట్టిపడే రెసిన్ అనే ద్రవాన్ని చిగురు అంచు వెంబడి 4 నుంచి 6 మి.మీ. వెడల్పున, ఒకటిన్నర నుంచి 2 మి.మీ. మందాన పోయాలి. పంటి మీదకు అర మిల్లీమీటరు ఎక్కించాలి, లేకపోతే చిగురుకూ రెసిన్‌కూ మధ్య సందు మిగులుతుంది. తెల్లబరిచే చివరి పంటి తర్వాత ఇంకో పంటి దాకా సాగాలి. బయటపడిన వేళ్ళు ఉంటే వాటినీ కప్పేయాలి, వేరు ఎలాగూ సరిగ్గా తెల్లబడదు. గట్టిపరిచే లైటును ఒకచోట నిలపకుండా అటూ ఇటూ కదుపుతూ వేయాలి. నిలిపితే రెసిన్ గట్టిపడుతూ వేడెక్కి చిగురు చురుక్కుమంటుంది. చివర్లో అద్దం పెట్టి పంటి కొన వైపు నుంచి పైకి చూడాలి. ఎక్కడైనా గులాబీ రంగు కనిపిస్తే అక్కడ కట్ట తెగినట్టే. పళ్ళ మధ్య త్రికోణం లాంటి సందుల్లోనే ఇది ఎక్కువగా తప్పిపోతుంది. తడి చిగురు మీద పోసినా అంతే. చూడటానికి బాగానే ఉంటుంది, పది నిమిషాల్లో అడుగు నుంచి జెల్ కారుతుంది.

ఇక జెల్. ఫ్రిజ్‌లో ఉంచేదైతే గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి, అప్పటికప్పుడు కలపాలి, గడువు తేదీ చూడాలి. దాని పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత) కూడా ముఖ్యం. పెరాక్సైడ్ నిల్వ ఉండటానికి కొన్ని జెల్‌లను ఆమ్లంగా తయారు చేస్తారు, అవి ఎనామెల్ పైపొరను మెత్తబరుస్తాయి, జివ్వు కూడా పెంచుతాయి. తటస్థంగానో కొంచెం క్షారంగానో ఉన్న జెల్ మేలు. పీహెచ్ కాగితం ముక్క మీద చుక్క వేస్తే నిమిషంలో తెలుస్తుంది. పళ్ళ ముందు వైపు ఒకటి నుంచి 2 మి.మీ. మందాన పూస్తే చాలు, అంతకన్నా మందంగా పూసినా పని పెరగదు. కింది ముందు పళ్ళకు చివర్లో పూసి ముందుగా తీసేయడం మంచి పద్ధతి.

లేజర్ పవర్, దూరం, సెకన్లు ఆ యంత్రానికీ ఆ జెల్‌కూ తయారీదారు ఇచ్చినవే వాడాలి. ఇంకో కంపెనీ యంత్రం లెక్కలు దీనికి పనికిరావు. 1965లో జాక్, కోహెన్ కోతుల పళ్ళ మీద చేసిన ప్రయోగంలో పల్ప్ ఉష్ణోగ్రత 5.5 డిగ్రీలు పెరిగితే సుమారు 15 శాతం పళ్ళలో పల్ప్ కోలుకోలేదు. ఇప్పటికీ అందరూ హద్దుగా పెట్టుకునే అంకె అదే. హ్యాండ్‌పీస్‌ను ఒకే పంటి మీద ఆపి ఉంచకూడదు. జెల్ ఎండిపోయిన చోట కాంతి పడకూడదు, అక్కడ వేడి పంటికే పోతుంది. వెచ్చదనం తెలియడం మామూలే. చురుక్కుమంటే మాత్రం ఓర్చుకోకండి, చెయ్యి ఎత్తండి. ఆ సైగ ముందే మాట్లాడుకోవాలి, నోరు కట్టేసి ఉంటుంది కదా.

జెల్ తీసేటప్పుడు ముందు సక్షన్, తర్వాత గాజ్ గుడ్డతో తుడవడం, ఆఖర్న నీళ్ళు. మొదటే నీళ్ళు చిమ్మితే ఘాటు జెల్ పెదవుల మీదకు, కళ్ళ వైపుకు ఎగురుతుంది. ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉంటే వేడెక్కిన పంటికి జివ్వు తగలదు. జెల్‌ను బట్టి ఒక్కో విడత 8 నుంచి 15 నిమిషాలు, మొత్తం రెండు లేదా మూడు విడతలు.

విడత ముగిసిన ప్రతిసారీ నొప్పి ఎంతో అడగాలి. 4 దాటితే అక్కడితో ఆపేయాలి. ‘ఇంకొక్క విడతే, ఓర్చుకోండి’ అనే మాటకు లొంగవద్దు. మూడో విడతలో పెరిగే తెలుపు కొంచెమే, ఆ కొంచెం తర్వాత ఇంట్లో ట్రేతోనైనా వస్తుంది.

కట్ట ఊడదీశాక చిగుళ్ళు చూడాలి. తెల్లటి మచ్చలు కనిపిస్తే పెరాక్సైడ్ తగిలినట్టు. నీళ్ళతో బాగా కడిగి విటమిన్ ఇ నూనె రాస్తే ఊరట. చిన్న మచ్చలు కొన్ని గంటల్లో మామూలు రంగుకు వస్తాయి, మంట ఒకటి రెండు రోజులుంటుంది. చివరగా పొటాషియం నైట్రేట్, ఫ్లోరైడ్ జెల్ ఇంకో 10 నిమిషాలు. ఫ్లోరైడ్ వార్నిష్ వేస్తామంటే రంగులేనిది వేయమనండి, పసుపు రంగుది చూసుకుని కంగారుపడేవాళ్ళు ఉన్నారు.

కొన్ని క్లినిక్‌లలో డయోడ్ లేజర్‌నే చాలా తక్కువ పవర్‌లో, జెల్ లేకుండా, జివ్వు తగ్గించడానికి కూడా వాడతారు. అది వేరే చికిత్స, సెట్టింగులు వేరు. ఇదీ అదీ కలిపి వినిపిస్తే ఏది ఎప్పుడో స్పష్టంగా అడగండి.

మొదటి రెండు రోజులు

పోట్లు కొన్ని గంటల్లో మొదలవుతాయి. మొదటి 24 గంటల్లో ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతూ చాలామందికి రెండు మూడు రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ వారంలో పోతాయి. తాగే నీళ్ళు మరీ చల్లగానూ మరీ వేడిగానూ ఉండకూడదు. చల్లగాలిలో నోటితో ఊపిరి తీసుకుంటే ముందు పళ్ళు లాగుతాయి. పుల్లటి పళ్ళరసాలు, సోడాలు రెండు రోజులు మానండి. టీ, కాఫీ, పొగాకు కూడా. రంగు పట్టేస్తుందనే భయానికి రుజువులు గట్టిగా లేవు గానీ, పులుపు, వేడి, పొగ మానడం నొప్పికైతే కచ్చితంగా మేలు.

పోటు వస్తుంటే పొటాషియం నైట్రేట్ పేస్టును బఠానీ గింజంత వేలి మీద తీసుకుని పంటికి రాసి, పడుకునే ముందు అలాగే వదిలేయండి. మీ పళ్ళ అచ్చుతో చేసిన ట్రే ఉంటే అందులో వేసి 10 నుంచి 30 నిమిషాలు. పాల ప్రోటీన్‌తో చేసే సీపీపీ-ఏసీపీ క్రీములు కూడా ఉపయోగపడతాయి, పాల అలర్జీ ఉన్నవాళ్ళు మాత్రం వాటి జోలికి పోవద్దు. నొప్పి ఎక్కువైతే మీకు సరిపడే పారాసిటమాల్ లేదా ఐబుప్రొఫెన్ చీటీ మీదున్న మోతాదులో వేసుకోవచ్చు.

ఇవి కనిపిస్తే ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి: చల్లదనం తీసేశాక కూడా అర నిమిషం దాటి నిలిచే నొప్పి, వేడికి వచ్చే నొప్పి, నిద్ర లేపే సలుపు, కొరికితే ఒకే పంట్లో నొప్పి, వారం దాటినా తగ్గని జివ్వు, మానని చిగురు పుండు. కొరికితే ఒకే పన్ను నొప్పెడుతోందంటే ముందు అనుమానించాల్సింది కనబడని పగులును.

రంగు ఎప్పుడు చూసుకోవాలి

కుర్చీలోంచి లేచినప్పుడు కనిపించే తెలుపులో కొంత పళ్ళు ఎండిపోవడం వల్ల వచ్చింది. నీరు మళ్ళీ పట్టాక అది దిగుతుంది. అలాగే పంటి మీద ముందు నుంచే ఉన్న తెల్ల మచ్చలు ఆ రోజు మరీ కొట్టొచ్చినట్టు కనిపించి, కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి. అసలు ఛాయను రెండు వారాల తర్వాత, అదే గైడుతో, అదే వెలుతురులో చూడాలి. పాత ఫిల్లింగులు మార్చాలన్నా అప్పుడే. పంట్లో మిగిలిన ఆక్సిజన్ ఫిల్లింగులో వాడే రెసిన్‌ను సరిగ్గా గట్టిపడనివ్వదు, తొందరపడి వేసిన ఫిల్లింగు ఊడొస్తుంది.

ఇంకా తెల్లబడాలనిపిస్తే నొప్పి పూర్తిగా పోయాక కనీసం వారం ఆగండి. మొదటిసారి బాగా బాధపెట్టి ఉంటే రెండోసారి లేజర్ అడగొద్దు. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌ను ట్రేలో పలచగా వేసి, రోజు విడిచి రోజు పెట్టుకుంటూ, మధ్య రోజున అదే ట్రేలో పొటాషియం నైట్రేట్ పెట్టుకోండి. కింది వరుసకు ముందు మొదలుపెట్టకుండా పై వరుస పూర్తయ్యాక చూసుకోవచ్చు. నవ్వితే ఎక్కువమందికి కనిపించేది పై వరుసే, కింది వరుస అవసరం లేదని అక్కడే ఆపేసేవాళ్ళూ ఉన్నారు.